గాజు మీద గీసిన గది నంబరు

1991 నవంబరు పన్నెండవ తేదీ, మంగళవారం, ఉదయం పదిగంటల ఇరవై నిమిషాలు. ముందునాటి సాయంత్రం పట్టిన ముసురు ఇంకా వదలలేదు; గాలి మాత్రం బొత్తిగా లేదు. విశ్వవిద్యాలయపు రసాయనశాస్త్ర భవనం వెనుకవైపు మెట్లు దిగి, నీరు కారుతున్న గొడుగును గోడకు ఆనించి, ఇరవై రెండేళ్ల పరిశోధక విద్యార్థిని ఒకతె నేలమాళిగలోని చిట్టచివరి గది ముందు నిలిచింది. తలుపు తట్టబోయి ఎత్తిన చేయి అలాగే ఆగిపోయింది. తలుపుకు అతికించిన అట్టముక్క మీద గుండ్రని అక్షరాలతో ఇలా రాసి ఉంది: "తట్టవద్దు. గాలిని వెంట తీసుకురావద్దు. మెల్లగా రండి."

ఆమె తలుపును మనిషి పట్టేంత మేరకే తెరిచి, వెనుక వేలాడుతున్న దళసరి తెరను తప్పించుకొని లోపల అడుగుపెట్టింది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. పంకా లేదు. గది నడుమ ఎత్తుపీట మీద యాభై మూడేళ్ల మనిషి ఒకాయన, లేత వంగపండు రంగు కళ్లద్దాలు పెట్టుకొని, పళ్ల మధ్య సన్నని రబ్బరు గొట్టం కరచిపట్టి, రెండు చేతులతో గాజుగొట్టం ఒకదాన్ని మంటలో తిప్పుతున్నాడు. ఆమె ఎరిగిన మంటల వంటిది కాదు అది. నీలంగా, సూదిమొనలా, సన్నగా బుసకొడుతూ నిలకడగా నిలుచుంది. ఆ మొన తాకినచోట గాజు ముందు పచ్చగా వెలిగింది. పిమ్మట ఎర్రనై, పాకంలా మెత్తబడింది. మెత్తబడినది జారి బల్ల మీద పడాలి. పడలేదు. ఆయన వేళ్లు ఎక్కడా తొందరపడకుండా, ఎక్కడా ఆగకుండా తిప్పుతూనే ఉన్నాయి. ఆ తిప్పుడే దాన్ని పట్టి నిలిపింది. ఇంతలో ఆయన బుగ్గలు రవ్వంత ఉబ్బాయి. రెండు చేతుల నడుమ నిమ్మకాయంత బుడగ ఒకటి పుట్టి, క్షణంలో నారింజకాయంతై, ఎవరో చాలని చెప్పినట్టు అక్కడే ఆగింది.

వచ్చిన పని ఏమిటో ఆమె మరచిపోయింది.

"కూర్చో తల్లీ," అన్నాడాయన తల తిప్పకుండానే. "ఆ నల్లబల్ల మీదవేవీ ముట్టుకోకు. చల్లగా ఉన్నట్టే కనిపిస్తాయి."

ఆ మాట పూర్తికాకముందే ఆమె చూపుడువేలు నోట్లో ఉంది.

"అయితే మొదటి పాఠం అయిపోయింది," అన్నాడు ఆయన.

ఆ విశ్వవిద్యాలయంలో ముప్ఫై వేలమంది చదువుతారు. చిన్న పట్నం నుంచి వచ్చిన ఆ అమ్మాయికి తొలి నెలంతా దారులు తప్పడంతోనే సరిపోయింది. గ్రంథాలయంలో ఒక అంతస్తు పొడవునా నడవడానికి పట్టే సమయంలో, తమ ఊళ్లో బజారు ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లిరావచ్చునని లెక్కవేసుకుంది. ఉపన్యాస మందిరంలో చివరి వరుస నుంచి చూస్తే ఆచార్యులవారు బొటనవేలంత కనిపించేవారు. అంత జనంలో పేర్లు నిలవవు. వసతిగృహంలో అందరికీ గది నంబర్లే పేర్లు. భోజనశాలలో వడ్డించే ఆవిడ గరిటె ఎత్తి, "ఏమ్మా నాలుగొందల పన్నెండూ, ఇంతేనా తినేది? గాలికి ఎగిరిపోతావు," అని కేకేసేది. అలా ఆమెకు నాలుగొందల పన్నెండు అన్నదే పేరైంది. అదే గదిలో ఉండే న్యాయశాస్త్ర విద్యార్థినికి మాత్రం, ఆమె నోరు తెలిసినవాళ్లంతా కలిసి లాయరక్క అని పేరు పెట్టారు.

నంబరు వేసి తనదనిపించుకోవడం ఆమెకు తల్లి నుంచి వచ్చిన అలవాటు. తల్లి ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తోంది. రోజుకు ఎనిమిది వందల దుప్పట్లు వచ్చే చోట ఏది ఏ వార్డుదో చెప్పేది అంచున కుట్టిన ఎర్రదారం ఒక్కటే. కూతురిని చదువుకు సాగనంపే ముందు ఆవిడ రెండు సాయంత్రాలు కూర్చుని, చేతిరుమాళ్లతో సహా ప్రతి బట్ట అంచునా ఎర్రదారంతో గుర్తు కుట్టి మరీ పెట్టె సర్దింది. గుర్తు లేని వస్తువును పోగొట్టుకుంటే ఏడ్చే హక్కు కూడా ఉండదని ఆవిడ అభిప్రాయం. ఆ అభిప్రాయం ప్రయోగశాలలో అక్షరాలా నిజమైంది. పొద్దున తన బల్ల మీద కడిగి బోర్లించిన గాజుపాత్ర సాయంత్రానికి మరొకరి బల్ల మీద, మరొకరి ద్రావణంతో కనిపించేది. అడిగితే, "నీ పేరు రాసుందా?" అనేవారు. మైనపు పెన్సిలుతో రాస్తే మొదటి కడుగుడుకే పోయేది.

ఆనాడు ఆమె గాజు మేస్త్రి దగ్గరకు తెచ్చింది గళ్లకాగితం మీద గీసిన ఒక బొమ్మ. రెండు గోడల పాత్ర. గోడల నడుమ గాలి ఉండకూడదు. లోపలి పాత్రకు అడుగున వేలెడు కాడ ఉండాలి. లోపల ఒళ్లు గడ్డకట్టించేంత చల్లని ద్రవం పోయాలి. మేస్త్రి బొమ్మను వెలుగుకు పట్టి చూసి, గాజుకు మూలలంటే పడదని చెప్పి, పెన్సిలుతో ఆమె గీసిన నాలుగు మూలలనూ గుండ్రం చేశాడు. తరువాత ఇది దేనికని అడిగాడు. ఆమె చెప్పింది. ఒక పదార్థాన్ని కరిగించి, బాగా చల్లబరచి, దీపం వేసి ఆర్పితే, దీపం ఆరిన తరువాత కూడా అది తనంతట తాను వెలుగుతుందట. తన పర్యవేక్షకురాలైన మేడమ్ మరెక్కడో చూశారు; ఇక్కడ ఇంతవరకు ఎవరూ చూడలేదు. జనవరి ఇరవయ్యో తేదీన పరీక్షకులు వస్తారు. ఆ వెలుగు వారికి చూపలేకపోతే మొదటి ఏడాదితోనే తన పరిశోధన నమోదు రద్దవుతుంది. పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్లవలసిందే.

"ఎంతసేపు వెలుగుతుంది?"

"మూడు నాలుగు సెకన్లండీ."

మేస్త్రి పెన్సిలును వేళ్ల మధ్య తిప్పాడు. "మూడు సెకన్లకి మూడు రోజుల పని. పర్లేదు, గిట్టుబాటే."

ఆయన కథ ఆమెకు విడివిడిగా, వచ్చినప్పుడల్లా కొంతగా తెలిసింది. పంతొమ్మిదో ఏట అదే భవనంలో గాజుసామాను కడిగే పనికి చేరాడు. అప్పటి మేస్త్రి ఈయన చేతుల్లో నైపుణ్యమేదో చూసి కిందికి పిలిచి, ఆరు నెలలపాటు మంట ముట్టుకోనివ్వకుండా, నడుమ గుడ్డతో కలిపిన రెండు కర్రముక్కలను రెండు చేతులతో సమానంగా తిప్పించాడట. గుడ్డ మెలిపడకూడదు. మెలిపడని రోజున మంట ముందు కూర్చోబెట్టాడు. ముప్ఫై నాలుగేళ్లు గడిచినా ఆ వేళ్లు తిప్పడం మానలేదు. మాట్లాడుతున్నా, వింటున్నా, చేతిలో టీగ్లాసు ఉంటే టీగ్లాసు, పెన్సిలు ఉంటే పెన్సిలు, బస్సులో టిక్కెట్టు, నిద్రలో దుప్పటి అంచు తిరుగుతూనే ఉండేవట. దుప్పటి సంగతి ఆయన భార్య వాంగ్మూలం. వేళ్ల చివరలు నున్నగా అరిగిపోయాయి. గుర్తింపు కార్డు కోసం వేలిముద్ర తీసుకున్నప్పుడు కాగితం మీద గీతలేవీ లేని సిరామరక ఒకటే పడితే, ఆఫీసువాళ్లు నాలుగుసార్లు చేయి కడిగించి, చివరకు విసిగి సంతకంతో సరిపెట్టుకున్నారని ఆయనే నవ్వుతూ చెప్పాడు.

డిసెంబరు రెండవ తేదీన పాత్ర చేతికిచ్చాడు. ఇచ్చేటప్పుడు, దీన్ని పట్టుకునే ముందు ఉంగరమూ గడియారమూ తీసిపెట్టమని చెప్పాడు. ఆమెకు ఉంగరం లేదు. గడియారం మరమ్మతులో ఉంది. కనుక ఆ హెచ్చరిక తనకు వర్తించదనుకుంది. పాత్రను చీరకొంగులో పసిబిడ్డలా చుట్టుకుని పైకి తెచ్చి, ఆ సాయంత్రమే ఆకురాయి అంచుతో దాని మెడ మీద, ఎవరికీ కనబడీ కనబడనంత చిన్నగా, 412 అని గీసి నిశ్చింతగా నిద్రపోయింది.

జనవరి ఆరవ తేదీ, సోమవారం మధ్యాహ్నం మూడు గంటల వేళ ఆ పాత్ర పగిలింది. అంతకుముందు మూడుసార్లు చల్లని ద్రవం పోసింది. పదార్థం తగినంత శుద్ధంగా లేక వెలుగు రాలేదు గాని, పాత్రకు ఏమీ కాలేదు. నాలుగోసారి పోస్తుండగా 'టప్' అని చిన్న శబ్దం. మరుక్షణం పాత్ర ఉండవలసిన చోట పాత్ర లేదు. అడ్డుగా నిలిపిన దళసరి పలక వెనుక ఉండడం వల్ల ఆమెకు గాయం కాలేదు. తెల్లని ఆవిరి బల్ల అంచు మీదుగా జారి, ఆమె పాదాల చుట్టూ పారి, నేల మీద పలచబడి మాయమైంది. ఆవిరి పోయాక గాజుముక్కలు కనిపించాయి.

పగిలినవాటి లెక్క స్టోరులో ఒక పొడవాటి పుస్తకంలో ఉంటుంది. తేదీ, వస్తువు, వాడినవారు, కారణం. కారణానికి రెండు గడులు: తయారీ లోపం, వాడుక లోపం. వాడుక లోపం కింద ఏడాదిలో రెండుసార్లు పేరు పడితే, ఆ విద్యార్థి ప్రయోగబల్లను ఆరు నెలలు వెనక్కి తీసుకుంటారు. ఆమె పేరు అప్పటికే ఒకసారి పడింది. చేరిన కొత్తలో పెద్ద గాజుకుప్పె ఒకటి చేయిజారింది. విద్యార్థులంతా బాబాయ్ అని పిలిచే స్టోరు గుమస్తా పుస్తకం తెరిచి, కలం ఆమె వైపు తిప్పి పెట్టాడు.

పాత్ర ఎందుకు పగిలిందో ఆమెకు నిజంగా తెలియదు. తెలియదని రాయడానికి అక్కడ గడి లేదు. బల్ల పోతే ఇరవయ్యో తేదీ లేదు, ఇరవయ్యో తేదీ లేకపోతే చదువు లేదు. ఆమె అరనిమిషం నిలబడి, తయారీ లోపం అన్న గడిలో గుర్తు వేసి, సంతకం చేసింది.

గుమస్తా పుస్తకాన్ని తన వైపు తిప్పుకున్నాడు. "ఈ గడి నిండటం నేనెప్పుడూ చూడలేదమ్మా. పద్నాలుగేళ్లయింది నేనీ కుర్చీలోకొచ్చి." తరువాత, అడగకపోయినా, మరొక సంగతి చెప్పాడు. కింద గాజుపని గది ఇక అవసరమా, సరుకంతా బయట చేయించుకుంటే పోదా అని పైన ఆఫీసులో ఆలోచిస్తున్నారు. నెలాఖరుకు ఈ పుస్తకం నకలు వాళ్లకు వెళ్తుంది. ఇంతవరకు ఆ గడి ఖాళీగా ఉండడమే మేస్త్రి పక్షాన ఉన్న ఒకే ఒక సాక్ష్యం.

ఆ సాయంత్రం గదిలో లాయరక్క మంచం మీద బోర్లా పడుకుని అంతా వింది.

"నువ్వు పగలగొట్టావా?"

"లేదక్కా. దానంతటదే పగిలింది."

"మరి ఆయన పగలగొట్టాడా?"

"తెలీదు."

"తెలీనిదానికి సంతకం ఎందుకు పెట్టావే మొద్దూ? మా పుస్తకాల్లో దానికి వేరే పేరుంది." అని, దిండు సర్దుకుని అటు తిరిగింది. కొంతసేపటికి గోడవైపు నుంచే మరో మాట వినబడింది: "రేపు ఆయన ముఖం చూసి చెప్పు, అప్పుడు నమ్ముతా."

చూడక తప్పేట్టు లేదు. గాజుపని గదిలో తయారైనది ఏది పగిలినా, ముక్కలు పారేయకుండా అట్టపెట్టెలో పెట్టి ఆ గదికే తిరిగి తీసుకుపోవాలన్నది మేస్త్రి పెట్టిన కట్టడి. పైనున్న ఆచార్యులు సైతం దాన్ని మీరేవారు కాదు. మరునాటి ఉదయం ఆమె పెట్టె పట్టుకుని మెట్లు దిగింది.

మేస్త్రి పెట్టె అందుకున్నాడు. బల్ల మీద నల్లగుడ్డ పరిచి, పట్టకారుతో ఒక్కొక్క ముక్కనూ ఏరి, అంచును దీపానికి పట్టి చూసి పేర్చసాగాడు. ప్రతి అంచునా కంటికి ఆనీ ఆనని చారలున్నాయి. అవన్నీ ఒకే దిక్కును చూపుతున్నాయి. వాన వెలిసిన నేల మీద నీరు పారిన జాడను పట్టి వెనక్కు పోయినట్టు, ఆయన ఆ చారల వెంట పగులు వచ్చిన దారిన వెనక్కు నడిచాడు. గంటన్నర పట్టింది. పోగొట్టుకున్న పాత్ర నల్లగుడ్డ మీద పటంలా పరచుకుంది. చారలన్నీ మెడ దగ్గర ఒక్కచోట కలిశాయి. అక్కడ గోరంత ముక్కలు రెండు మిగిలాయి. వాటిని పక్కపక్కన చేర్చాడు. ఒకదాని మీద 4, సగం 1. రెండోదాని మీద తక్కిన సగం 1, 2. పగులు ఒకటి అంకె నిలువుగీత వెంట ఆకురాయి వెళ్లిన దారినే వెళ్లింది.

"ఇదేంటమ్మా?"

"నా గది నంబరు," అంది ఆమె.

ఆయన ఆమెను తిట్టలేదు. మూలనున్న గొట్టాల కట్ట నుంచి పొడవాటి గాజుగొట్టం ఒకటి లాగాడు. ఆకురాయి అంచుతో దాని మీద బియ్యపుగింజంత గీత గీశాడు. వేలు తడిచేసి గీతను తాకాడు. రెండు బొటనవేళ్లూ గీతకు వెనుకగా ఆనించి, రొట్టె తుంచినంత నెమ్మదిగా విరిచాడు. గొట్టం రెండైంది. అంచులు అద్దంలా నున్నగా ఉన్నాయి. అవి ఎన్నడూ ఒకటి కానట్టే ఉన్నాయి.

"కొయ్యాలంటే మేం చేసేది ఇంతే," అని ఆకురాయి ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వు చెయ్యి."

మొదటి గొట్టం ఆమె చేతిలో తేలికగా విరిగింది. రెండవదీ విరిగింది. మూడవదాన్ని గీత పెట్టకుండా విరవమన్నాడు. ఆమె బలమంతా పెట్టింది, ముఖం ఎర్రబడింది, గొట్టం విల్లులా వంగి మళ్లీ నిటారైంది తప్ప విరగలేదు. ఆ గొట్టాన్ని చేతిలో పట్టుకుని ఆమె అలాగే నిలబడిపోయింది. ఉంగరమూ గడియారమూ తీసేయమన్నది వేళ్ల కోసం కాదనీ, గాజు కోసమనీ అప్పటికి అర్థమైంది.

టీగ్లాసు కింద మడతపెట్టిన గులాబిరంగు కాగితం ఒకటి ఆమె కంటబడింది. స్టోరు నుంచి వచ్చిన నకలు. తయారీ లోపం అన్న గడిలో తన చేతి గుర్తు, కింద తన సంతకం. మేస్త్రి నిన్న సాయంత్రమే దాన్ని చదివి ఉంటాడు. దాన్ని గురించి మాత్రం ఆయన ఒక్క మాటా ఎత్తలేదు. గ్లాసు ఎత్తి టీ తాగి, కాసేపు వేళ్ల మధ్య తిప్పి, మళ్లీ కాగితం మీదనే పెట్టాడు.

"ఇరవయ్యో తారీకు కదా నీకు. ఇప్పుడే మొదలెడదాం. పక్కన నిలబడు, నేను ఊపిరి బిగబట్టినప్పుడు నువ్వూ మాట్లాడకు."

ఆ తరువాతి రెండు రోజులు ఆమె చూసినది, చూసిన తరువాత కూడా జరిగిందని నమ్మడం కష్టమైన పని. లోపలి పాత్రను బయటి పాత్రలో నిలిపి, రెండింటి మెడలనూ ఒకే మంటలో ఒకే ఎరుపుకు తెచ్చి, వాటిని ఒక ఉంగరంలా కలపాలి. వేడి తక్కువైతే అతకదు. ఎక్కువైతే లోపలిది వాలి బయటిదాన్ని అంటుకుంటుంది. నడుమనున్న సందు చిటికెన వేలి గోరంత. ఆయన కళ్లు మంట మీద లేవు, చేతుల మీద లేవు. గాజు రంగు ఒక్కటే చూస్తున్నాయి. ఒకానొక క్షణంలో రెండు ఎరుపులూ కలిసి ఒకే ఎరుపైంది. బుగ్గలు ఉబ్బాయి, తగ్గాయి. ఆ ఊపిరి ఎంత అంటే ఆమె చెప్పలేకపోయేది. దీపం కూడా ఆరదు దానితో. రెండు పాత్రలూ ఒకటయ్యాయి.

కలిసిన ఆ గాజును మెల్లని మంటలో నిదానంగా తిప్పి, వెలుగును వడగట్టే రెండు నల్లని పలకల నడుమకు తెచ్చి, వెనుక దీపం వేశాడు. ముందు పలక గుండా చూడమన్నాడు. ఆమె చూసింది. ఆ పలకల నడుమ అంతా చీకటి. పాత్ర చాలామేరకు చీకటిలో కలిసిపోయింది. మెడ దగ్గర మాత్రం, కలిపిన చోట, తెల్లని వెలుగు వలయంలా మండుతోంది. దాని అంచుల వెంట నారింజ, నీలం, మళ్లీ నారింజ. కంటితో చూస్తే తేటనీరులా ఉన్న గాజులో ఇంత అలజడి దాగి ఉన్నదని ఆమె ఊహించలేదు. పక్కకు వంగి నేరుగా చూసింది, ఏమీ లేదు. పలకలోంచి చూసింది, రంగులున్నాయి.

"లోపల పట్టి ఉన్న బిగువు అది. ఇప్పుడు దీని మీద గోరు గీసుకున్నా ఊరుకోదు," అన్నాడు మేస్త్రి. "పొయ్యిలో ఓ పూట వెచ్చబడి, మెల్లగా, చాలా మెల్లగా చల్లారాలి. తొందరపెడితే ఆ బిగువు అలాగే ఉండిపోతుంది."

పొయ్యిలో పెట్టబోయే ముందు ఆయన సొరుగులోంచి తెల్లని రంగు సీసా ఒకటి, నాలుగు వెంట్రుకల కుంచె ఒకటి తీశాడు. వేడికి గాజులో కలిసిపోయే రంగు అది. గీత పడదు, కడిగితే పోదు. "గుర్తు కావాలంటే నన్నడగాలి గానీ," అంటూ పాత్ర మెడ మీద 412 అని రాశాడు. ఆమె తల్లి కుట్టిన దారం కన్నా చక్కగా ఉంది.

మరునాడు, గురువారం, స్టోరు తలుపు తీసేసరికి ఆమె గడప ముందు నిలుచుని ఉంది. పుస్తకం ఇమ్మంది. గుమస్తా విషయం గ్రహించి, ఇవ్వకుండా దాని మీద చేయి వేసి కూర్చున్నాడు.

"ఇది రెండోది. బల్ల పోద్ది, తెలుసా?"

"తెలుసు బాబాయ్."

"ఆయన నిన్ను రమ్మన్నాడా?"

"ఆయన ఏమీ అనలేదు. అదే బాధ."

ఆమె తన పాత గుర్తును ఒక్క గీతతో కొట్టివేసి, పక్క గడి నింపి, కింద ఇలా రాసింది: "పాత్ర మెడ మీద నేను ఆకురాయితో నా గది నంబరు గీశాను. పగులు అక్కడ పుట్టింది. తయారీలో లోపం లేదు." గుమస్తా ఆ మూడు వాక్యాలనూ పైకి చదివి, ముద్ర వేసి, ఆమె బల్ల తాళంచెవి కోసం చేయి చాచాడు. మేడమ్ దగ్గరకు వెళ్లి చెబితే ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, నిజం చెప్పడానికి ఇరవయ్యో తేదీ మరునాడైనా బాగుండేదేమో అని, అయినా బల్ల అప్పగింత కాగితం మీద సంతకం చేసి, బల్ల లేకుండా పరీక్షకులకు ఏం చూపుతావని అడిగింది.

జవాబు కింద దొరికింది. ఆమె దిగి వెళ్లేసరికి మేస్త్రి చల్లారిన పాత్రను రెండు పలకల నడుమ పట్టుకుని ఉన్నాడు. ఆమె చూసింది. చీకటి. మెడ ఎక్కడుందో కూడా తెలియనంత చీకటి. నిన్నటి రంగుల్లో ఒక్కటీ లేదు. ఆమె బల్ల పోయిన సంగతి చెప్పింది. ఎందుకు పోయిందో చెప్పలేదు. ఆయన పాత్రను బల్ల మీద దించాడు. టీగ్లాసు ఎత్తి, దాని కింద కాగితాన్ని తీసి, నాలుగుగా మడిచి, చెత్తబుట్టలో వేశాడు.

"పైవాళ్ల బల్లల జాబితాలో నా బల్ల లేదమ్మాయ్. ఇక్కడికే తీసుకురా వాళ్లని. కిటికీలు ఎలాగూ మూసే ఉంటాయి. నీకు కావల్సింది చీకటేగా."

జనవరి ఇరవయ్యో తేదీ, సోమవారం, ఉదయం పదకొండు గంటలకు ముగ్గురు పరీక్షకులూ మేడమ్ వెంట ఆ మెట్లు దిగారు. వారిలో పెద్దాయన ఊతకర్రతో ఒక్కొక్క మెట్టే దిగి, తలుపు మీది అట్టముక్క చదివి, ఊపిరి బిగబట్టినవాడిలా మెల్లగా లోపలికి వచ్చాడు. కుర్చీలు చాలక గాజుగొట్టాలు వచ్చిన చెక్కపెట్టెల మీద కూర్చున్నారు. ఆమె కొత్త పాత్రలో చల్లని ద్రవం పోసింది. పాత్ర నిలిచింది. పదిరోజులపాటు ఈ గది మూలనే కూర్చుని శుద్ధిచేసిన పదార్థాన్ని కాడలోకి దింపింది. మేస్త్రి లేచి, మంటలన్నీ ఒకదాని తరువాత ఒకటి ఆర్పాడు. పనివేళల్లో ఆ గదిలో బుస శబ్దం ఆగడం అదే మొదలు. తెర దించారు. చీకటి పడింది.

ఆమె దీపం వేసింది. పది లెక్కపెట్టింది. ఆర్పింది.

పాత్ర అడుగున, వేలెడు కాడలో, లేత ఆకుపచ్చ వెలుగు నిలిచి ఉంది. ఎవరూ వెలిగించని వెలుగు. చుట్టూ నూనె లేదు, మంట లేదు, తీగ లేదు. రెండు గోడల గాజు మీద దాని నీడలు పలుచగా కదిలాయి. ఎవరో గుసగుసగా లెక్కపెట్టారు: ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదు అనేసరికి అది చిన్నదై, చుక్కై, ఆ చుక్క కూడా కళ్లలో ఉందో పాత్రలో ఉందో తెలియకుండా పోయింది.

"మళ్లీ," అన్నాడు ఊతకర్ర పెద్దాయన, పిల్లవాడి గొంతుతో.

ఏడుసార్లు చూపింది. ఏడవసారి వెలుగులో ఆమె పరీక్షకుల వైపు చూడలేదు. పక్కన నిలబడిన మేస్త్రిని చూసింది. ముప్ఫై నాలుగేళ్లుగా పై అంతస్తులకు వేల పాత్రలు పంపిన మనిషి ఆయన. వాటిలో ఏం జరుగుతుందో చూద్దువు రమ్మని ఒక్కరైనా పిలవలేదని ఆ తరువాత ఎప్పుడో చెప్పాడు. ఆకుపచ్చ కాంతి ఆయన చెంపల మీద, నున్నని వేళ్ల చివరల మీద పడింది. చేతిలో ఖాళీ టీగ్లాసు ఉంది. ఆయన వేళ్లు తిరగడం లేదు.

పరీక్షకులు ఆమె నమోదును ఆరు నెలలు పొడిగించారు; పదార్థపు శుద్ధి పట్ల తమకు సందేహాలున్నాయని రాశారు. జూలైలో బల్ల తిరిగి వచ్చిన తరువాత ఆ సందేహాలను తీర్చింది. 1997లో ఆమెకు డాక్టరేటు వచ్చింది. ఇప్పుడు మరో విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతోంది. ప్రతి ఏడాదీ కొత్త విద్యార్థుల చేతికి మొదటి రోజున ఒక గాజుగొట్టమూ ఒక ఆకురాయీ ఇస్తుంది. గాజుపని గదిని ఆ సంవత్సరం మూయలేదు. గాజు మేస్త్రి 1998 మార్చిలో ఉద్యోగ విరమణ చేసి, కూతురి ఇంటి దగ్గర పన్నెండేళ్లు ఉండి, 2010లో కన్నుమూశాడు. ఆయన తరువాత వచ్చినాయన ఆరేళ్లు పనిచేశాక గదికి తాళం వేశారు. లాయరక్క జిల్లా కోర్టులో వకీలు. తల్లి లాండ్రీ పని మానింది. పగిలినవాటి పుస్తకంలో తయారీ లోపం అన్న గడిలో, కొట్టివేసిన ఆ ఒక్క గుర్తు తప్ప, మరేమీ లేదు. 412 అని తెల్లగా రాసిన పాత్ర రసాయనశాస్త్ర విభాగంలో రెండవ అంతస్తు బీరువాలో ఉంది. పోయిన ఏడాది కూడా వాడారు.